కరెంటు పోయిందని ఫోన్ కొట్టే డబ్బా: లోపల వైర్లు సర్దడం

అల్లూరు అయినా కొత్తపట్నం అయినా, రొయ్యల చెరువులో రాత్రిపూట ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగితే ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి. కరెంటు పోగానే ఫోన్ కొట్టే సర్క్యూట్ పెద్ద కష్టమేం కాదు. దాన్ని 100×68×50 మి.మీ. ప్లాస్టిక్ డబ్బాలో ఇరికించి, ఉప్పుగాలికి నిలిచేలా చేయడమే అసలు పని.

కావాల్సినవి: 230 వోల్టులను 5 వోల్టులు చేసే హైలింక్ పీఎం01, ప్రొటెక్షన్ ఉన్న టీపీ4056 ఛార్జింగ్ బోర్డు, హోల్డరుతో ఒక 18650 లిథియం సెల్లు, అంతా నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు 3.3 వోల్టుల ఆర్డ్యునో ప్రో మినీ, సిమ్ వేసి కాల్ చేసే మాడ్యూల్ సిమ్800ఎల్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 1 ఆంపియర్ ఫ్యూజు, వైరు డబ్బాలోకి వచ్చే చోట బిగించే పీజీ7 గ్లాండు. సిమ్800ఎల్ 2జీది, జియో సిమ్ వేస్తే నెట్‌వర్క్ దొరకదు.

టంకం పెట్టకముందే అన్నీ ఖాళీ డబ్బాలో పరిచి, మూత పడుతుందో లేదో చూసుకోండి. సెల్లు హోల్డరు పొడుగు గోడ వెంబడి. ఎదురు మూలన గ్లాండు, దాన్ని ఆనుకునే ఫ్యూజు, హైలింక్. 230 వోల్టుల వైరు ఆ మూల దాటి రాకూడదు. మిగతా బోర్డులకు కనీసం 8 మి.మీ. సందు వదిలి, మధ్యలో ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టండి. యాంటెన్నా హైలింక్‌కు దూరంగా, పై మూలన.

ఎక్కువమంది చిక్కుకునేది సిమ్800ఎల్ దగ్గరే. కాల్ కలిపేటప్పుడు అది క్షణకాలం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. సన్న జంపర్ వైరుతో ఇస్తే వోల్టేజి 3.4 కిందికి జారి, రింగు పోకముందే రీసెట్ అవుతుంది. మాడ్యూల్ చెడిందనుకుని కొత్తది కొనేస్తారు, అదీ అంతే చేస్తుంది. టీపీ4056 అవుట్‌పుట్ నుంచి 0.5 చదరపు మి.మీ. వైరు, 10 సెం.మీ. మించకుండా నేరుగా తెచ్చి, కెపాసిటర్‌ను మాడ్యూల్ కాళ్ల దగ్గరే టంకం పెట్టండి.

ఇంకో మెలిక. టీపీ4056 కొన్నప్పుడు 1 ఆంపియర్‌తో ఛార్జ్ చేస్తుంది, హైలింక్ ఇవ్వగలిగింది 0.6 మాత్రమే. బోర్డు మీద 122 అని ఉండే చిన్న రెసిస్టర్ తీసి 3 కిలో ఓమ్‌లది వేస్తే ఛార్జింగ్ 0.4కి దిగుతుంది, వేడీ తగ్గుతుంది.

కరెంటు ఉందో లేదో తెలియడానికి హైలింక్ 5 వోల్టులను 10 కిలో, 20 కిలో ఓమ్‌ల రెసిస్టర్ల జతతో 3.3కి దించి ప్రో మినీ పిన్‌కు ఇస్తే చాలు.

బోర్డుల్ని హాట్ గ్లూతో అంటించొద్దు, మే నెల ఎండకు ఊడొస్తాయి. స్క్రూలు, స్పేసర్లు వాడండి. సందులు మూసేటప్పుడు వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వద్దు, అది రాగిని తింటుంది. న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. గ్లాండు కిందికి ఉండేలా, నీడలోనే బిగించాలి. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం సెల్లు ఛార్జ్ కాకూడదు.

మూత బిగించాకే పరీక్షించండి. సిమ్800ఎల్ లైటు సెకనుకోసారి కొడితే ఇంకా నెట్‌వర్క్ వెతుకుతున్నట్టు, 3 సెకన్లకోసారి అయితే దొరికినట్టు. మూత మూయకముందు 3 సెకన్లున్నది మూశాక 1 సెకనుకు వస్తే, యాంటెన్నా వైర్ల కింద నలిగిందని అర్థం. లైటు 3 సెకన్లకోసారి కొడుతున్నప్పుడు మెయిన్ దించండి, ఫోన్ మోగాలి.

ఈ డబ్బా చూసేది ఒక్క ఫేజునే. త్రీఫేజు మోటార్లకు మిగతా రెండిట్లో ఒకటి పోయినా దీనికి తెలియదు, ఒక ఫేజు పోతే మోటారు ఆపేసే, స్టార్టర్‌లోని సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తీసేయొద్దు.