యుద్ధ వార్తలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఒప్పందం, ఓటు, ఓడ

పోయిన పాఠంలో మ్యాపు ముందు పెట్టుకుని సరిహద్దులు, రేవులు, కనుమలు గుర్తించాం. ఈసారి పొత్తుల సంగతి చూద్దాం. ఎక్కడైనా యుద్ధం మొదలైతే ఎవరు ఎవరి పక్కన నిలబడతారన్నది నాయకుల ప్రసంగాల్లో దొరకదు. ఒప్పందంలో రాసుకున్నదేమిటి, ఐక్యరాజ్యసమితిలో ఎవరు ఎటు చెయ్యెత్తారు, సైన్యాలు నిజంగా ఎటు కదిలాయి – ఈ మూడూ పక్కపక్కన పెట్టి చదవాలి. సాధనకు బంగ్లాదేశ్ పుట్టుకకు దారితీసిన 1971 భారత్–పాకిస్తాన్ యుద్ధం తీసుకుందాం. అప్పటి అమెరికా రహస్య పత్రాలు చాలావరకు బయటికొచ్చాయి కాబట్టి మన అంచనా సరైందో కాదో సరిచూసుకోవచ్చు.

ఒప్పందం

1971 ఆగస్టు 9న ఢిల్లీలో మన విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్, సోవియట్ విదేశాంగ మంత్రి ఆంద్రీ గ్రోమికో భారత–సోవియట్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఏ ఒప్పందం చేతికొచ్చినా మొదటి పేజీలోని శాంతి, స్నేహం మాటలు దాటేసి, దాడి జరిగితే ఏం చేస్తామని రాసుకున్నారో ఆ అధికరణ వెతకండి. ఇందులో అది 9వది. మనతో యుద్ధానికి దిగిన మూడో దేశానికి సోవియట్ ఏ సాయమూ చేయకూడదు, మనమూ అంతే. దాడి జరిగినా, దాడి ముప్పు వచ్చినా ఇద్దరూ వెంటనే సంప్రదించుకుని తగిన చర్యలు తీసుకోవాలి. సోవియట్ సైన్యం వచ్చి మన పక్కన పోరాడుతుందని ఎక్కడా లేదు. 4వ అధికరణలోనైతే ఏ కూటమిలోనూ చేరని భారత్ అలీన విధానాన్ని గౌరవిస్తామని సోవియట్ రాసిచ్చింది.

మరి ఇంత తక్కువ హామీకి అంత విలువ ఎందుకొచ్చింది? తేదీ చూడండి. సరిగ్గా నెల క్రితం, జులై 9న, పాకిస్తాన్‌లో ఉన్న అమెరికా జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ కడుపునొప్పి సాకుతో జనం కళ్లుగప్పి రహస్యంగా బీజింగ్ వెళ్లాడు. మధ్యవర్తి పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యాఖాన్. జులై 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్తున్నట్టు ప్రకటించాడు. అంటే పాకిస్తాన్‌తో పోరు వస్తే చైనా, అమెరికా రెండూ అటువైపే ఉండే పరిస్థితి. మన ఒప్పందం దానికి జవాబు. ఒప్పందం తేదీకి ముందు మూడు నెలలు, వెనక మూడు నెలలు ఏం జరిగిందో రాసుకోవడం అలవాటు చేసుకోండి. సగం అర్థం అక్కడే ఉంటుంది.

పాకిస్తాన్ దగ్గరా పాశ్చాత్య కూటముల కాగితాలున్నాయి: 1954 నుంచి ఆగ్నేయాసియా కూటమి సీటో, ఆ మరుసటి ఏడాది నుంచి బాగ్దాద్ ఒప్పందం, అదే తర్వాత సెంటో అయింది. కానీ సీటోలో తన బాధ్యత కమ్యూనిస్టు దాడికే వర్తిస్తుందని అమెరికా మొదట్లోనే మెలిక పెట్టింది. ఇలాంటి మెలికలు ఒప్పందం చివర, విడిగా ఉంటాయి. ఎంత ఓపిక చేసుకునైనా అక్కడిదాకా చదవాలి.

ఓటు

డిసెంబరు 7న కాల్పుల విరమణ, సైన్యాల ఉపసంహరణ కోరుతూ సర్వసభ్య సభ తీర్మానం చేసింది. అనుకూలం 104, వ్యతిరేకం 11, తటస్థం 10. వ్యతిరేకించిన 11లో భారత్, భూటాన్ తీసేస్తే మిగిలినవన్నీ సోవియట్, దాని శిబిరంలోని దేశాలు. ఉక్రెయిన్, బైలోరష్యా అప్పటికి సోవియట్‌లో భాగాలే అయినా సమితిలో వాటికి వేరే ఓట్లుండేవి. అలీనోద్యమంలో మనతో కలిసి నడిచిన యుగోస్లావియా ఆ 11లో లేదు. వేదికల మీది స్నేహం ఓటు దాకా రాలేదన్నమాట.

తటస్థుల్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ పదిలో ఉన్న బ్రిటన్, ఫ్రాన్స్ భద్రతా మండలిలోనూ అమెరికాతో కలిసి ఓటెయ్యలేదు. అదే మండలిలో సోవియట్ మూడుసార్లు వీటో, అంటే తీర్మానాన్ని ఒంటరిగా ఆపేసే హక్కు, వాడింది. ఆ వీటోల వల్లే మన సైన్యం ఢాకా చేరడానికి వ్యవధి దొరికింది.

ఓడ

అసలు పరీక్ష ఇక్కడే. డిసెంబరు 10న న్యూయార్క్‌లో కిసింజర్ సమితిలో చైనా రాయబారి హువాంగ్ హువాను కలిశాడు. చైనా భారత సరిహద్దులో సైన్యాన్ని కదిలించాలని నిక్సన్, కిసింజర్‌ల కోరిక. చైనా కదల్లేదు. హిమాలయ కనుమల్లో మంచు, 1969లో ఉసూరి నది దగ్గర సోవియట్‌తో ఘర్షణ తర్వాత తన ఉత్తర సరిహద్దులో బలపడిన సోవియట్ సేనలు – మ్యాపు తెలిసినవారికి కారణాలు కనిపిస్తాయి. అమెరికా ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతానికి పంపింది. వ్లాదివొస్తోక్ నుంచి సోవియట్ నౌకలూ బయల్దేరాయి. ఇవేవీ యుద్ధ ఫలితాన్ని మార్చలేదు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగుబాటు పత్రం మీద సంతకం చేసింది, దాదాపు 93 వేల మంది మనకు బందీలయ్యారు.

పాకిస్తాన్ గెలవదని తెలిసీ అమెరికా దాని పక్షాన ఎందుకు నిలబడింది? పాత మిత్రుణ్ని వదిలేస్తే కొత్త మిత్రుడు, అంటే చైనా, తమను నమ్మదని నిక్సన్, కిసింజర్‌ల లెక్క. ఆ లెక్కలో తూర్పు బెంగాల్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్, జనానికి చోటు లేదు. ఢాకాలోని అమెరికా కాన్సులేట్ నుంచి కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సిబ్బంది అక్కడ పాకిస్తాన్ సైన్యం సాగించిన హత్యాకాండ మీద వాషింగ్టన్ మౌనాన్ని తప్పుబడుతూ ఏప్రిల్‌లోనే నిరసన టెలిగ్రామ్ పంపారు. దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. ఇవన్నీ తెలిసే, బీజింగ్ దారి చెడకూడదని వాషింగ్టన్ నోరు మూసుకుంది. ఇది క్షమించరాని పని అని నా అభిప్రాయం. పొత్తుల లెక్క వేసేటప్పుడు ఆ లెక్కకు బలైనవాళ్ల పేజీ కూడా నోట్‌బుక్‌లో ఉంచుకోండి.

ఫలితాలు తర్వాతి ఏళ్లలో తేలాయి. 1972 ఫిబ్రవరిలో నిక్సన్ బీజింగ్‌లో, మే నెలలో మాస్కోలో ఉన్నాడు. రెండు ధ్రువాల లోకం మూడు మూలలదైంది. పాకిస్తాన్ 1972లోనే సీటో నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించి చైనాకు మరింత దగ్గరైంది. సమితిలో అడుగుపెట్టిన ఏడాదిలోపే ఆగస్టులో చైనా వేసిన తొలి వీటో బంగ్లాదేశ్ సభ్యత్వం మీదే. 1974 మేలో మనం పోఖ్రాన్‌లో అణు పరీక్ష చేశాం.

విశాఖ వెళ్తే ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి లోపలికి వెళ్లి చూడండి. సోవియట్‌లో తయారైంది, 1969లో మన నేవీలో చేరింది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో అదే విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, అమెరికా లీజుకిచ్చిన డయాబ్లో. ఆయుధం ఎవరిచ్చారో చూస్తే పొత్తు తెలుస్తుంది. విడిభాగాలకు, శిక్షణకు మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి కాబట్టి ఆ బంధం ఒక్క సంతకంతో తెగదు.

అభ్యాసం

2024 జూన్ 19న ప్యాంగ్యాంగ్‌లో రష్యా, ఉత్తర కొరియా చేసుకున్న ఒప్పందంలో 4వ అధికరణ చదవండి. మన 1971 నాటి 9వ అధికరణ పక్కన పెట్టి, దాడి జరిగితే ఎవరు ఏం చేయాలని ఉందో రెండు నిలువు గడుల్లో రాయండి. తర్వాత ఉక్రెయిన్‌తో యుద్ధంలో రష్యాలోని కుర్స్క్‌లో ఉత్తర కొరియా సైనికులు పోరాడిన వార్తల్ని తేదీల వారీగా చేర్చండి. ఉక్రెయిన్ మీద సర్వసభ్య సభలో జరిగిన ఓట్లలో చైనా, భారత్, ఉత్తర కొరియా ఎటున్నాయో మూడో గడిలో వేయండి. వచ్చే పాఠంలో ఆ మూడో గడి నుంచే మొదలుపెడదాం.