కొత్త మెట్రో రైలు వచ్చిందని ఇల్లు మారే ముందు ఏం చూసుకోవాలి

పోయిన వారం మా పిన్ని కొడుకు హిందూపురం నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, బెంగళూరు మారతహళ్ళిలో ఉద్యోగం వచ్చింది. అక్కడి మెట్రో బ్లూ లైన్ రైలు తయారైపోయిందంట, బ్రోకర్ చెప్పాడు. స్టేషన్ పక్కనే ఇల్లు చూశా. అద్దె మూడు వేలు ఎక్కువైనా పర్లేదు" అన్నాడు. అడ్వాన్స్ ఇచ్చేశావా అని అడిగాను. ఇంకా లేదన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. బెంగళూరుకి వచ్చే మన పిల్లలు చాలామంది ఇదే లెక్కతో ఇళ్ళు తీసుకుంటున్నారు.

ముందు నా సంగతి. బెంగళూరు మెట్రోలో ఆర్వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా పోయే ఎల్లో లైన్‌కి మొదటి రైలు 2024 ఫిబ్రవరి 14న హెబ్బగోడి డిపోకి చేరింది. చైనా నుంచి ఓడలో చెన్నైకి వచ్చింది, అక్కడి నుంచి బోగీలను పెద్ద ట్రైలర్ల మీద రోడ్డున తెచ్చారు. నేను జయనగర్‌లో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. వంతెన కట్టేశారు, పట్టాలు వేశారు, రైలు కూడా వచ్చేసింది, ఇంకేం కావాలి అనుకుని మార్చిలో హెబ్బగోడిలో ఇల్లు తీసుకున్నాను. "ఆరు నెలల్లో మెట్రో ఎక్కేస్తారు మేడమ్" అని ఓనరు అంటే రెండు వేలు ఎక్కువ అద్దెకి ఒప్పుకున్నాను. లైన్ ప్రారంభమైంది 2025 ఆగస్టు 10న. ఆ మధ్యలో ఏడాదిన్నర పాటు పొద్దునా సాయంత్రం సిల్క్ బోర్డు జంక్షన్‌లో బస్సు రాడ్డు పట్టుకుని నిలబడ్డాను. మా పాప స్కూలు వ్యాను దిగే టైముకి ఒక్కరోజు కూడా ఇంటికి చేరలేకపోయాను. తాళంచెవి పక్కింటి ఆంటీ దగ్గర ఉండేది.

కాబట్టి మొదట తెలుసుకోవాల్సింది ఇది: లైన్ దేనికోసం ఆగింది? వంతెన కోసమా, సిగ్నల్ కోసమా, రైళ్ల కోసమా? వంతెన పని అయితే రోడ్డు మీద పోతూ మన కళ్ళతో చూసి అంచనా వేయొచ్చు. రైళ్ల కోసం ఆగితే మన కంటికి ఏమీ కనబడదు, అంతా పూర్తయినట్టే ఉంటుంది. ఎల్లో లైన్‌కి జరిగింది అదే. రైళ్ల కాంట్రాక్టు 2019 డిసెంబరులో చైనా కంపెనీకి ఇచ్చారు: మూడు లైన్లకి కలిపి 216 బోగీలు, 1,578 కోట్ల రూపాయలు. ఎక్కువ బోగీలు ఇండియాలోనే తయారు కావాలన్నది షరతు. అందుకు మన శ్రీసిటీలో ఫ్యాక్టరీ పెట్టాలనుకున్నారు, అది కుదరలేదు. 2020లో చైనా పెట్టుబడులకి రూల్స్ గట్టివయ్యాయి, సరిహద్దు గొడవల తర్వాత అక్కడి ఇంజనీర్లకి వీసాలు దొరకడం కష్టమైంది. చివరికి బెంగాల్‌లోని ఒక కంపెనీతో కలిసి అక్కడ తయారీ మొదలుపెట్టారు. అక్కడ తయారైన మొదటి రైలు బయల్దేరేసరికి 2025 జనవరి వచ్చింది.

"ఉన్న రైళ్లలో రెండు ఇటు పంపొచ్చు కదా" అని నేనూ అడిగేదాన్ని. కుదరదు. అప్పటికే నడుస్తున్న పర్పుల్, గ్రీన్ లైన్ల సిగ్నల్ వ్యవస్థ వేరు. ఎల్లో లైన్‌ది డ్రైవర్ లేకుండా నడపడానికి పెట్టిన వ్యవస్థ, రైలూ పట్టాల పక్కనున్న పరికరాలూ రేడియోలో మాట్లాడుకుంటూ ఉంటాయి. ఆ భాష రాని రైలు అక్కడ పనికిరాదు. అందుకే మీరు చూస్తున్న లైన్ డ్రైవర్‌లేనిదైతే, పాత రైళ్లతో సర్దుతారులే అనే ఆశ పెట్టుకోకండి.

రెండోది: డిపోకి వచ్చిన మొదటి రైలు మనల్ని ఎక్కించుకోవడానికి వచ్చిన రైలు కాదు, పరీక్షలు రాయడానికి వచ్చిన రైలు. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది. మొదట డిపోలో కదలకుండా పరీక్షలు, తర్వాత లైన్ మీద మెల్లగా, తర్వాత వేగంగా, తర్వాత సిగ్నల్ వ్యవస్థతో కలిపి. ఊగుడు ఎంత ఉందో కొలిచే పరీక్షకి లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ వాళ్ళు వస్తారు. ఖాళీ రైలుతో చేస్తారు, నిండు రైలుతోనూ చేస్తారు. మనుషుల బరువుకి బదులు బస్తాలు వేస్తారు. ఆ రోజుల్లో రాత్రి బట్టలు తీయడానికి మేడ మీదికి వెళితే, లోపల లైట్లన్నీ వెలిగించుకుని ఒక్క రైలే మెల్లగా పోతూ కనిపించేది. కిటికీల్లో ఒక్క మనిషి లేడు. మా పాప దానికి చెయ్యి ఊపేది. "అమ్మా, మనం ఎప్పుడెక్కుతాం?" అంటే వచ్చే నెల అనేదాన్ని. అలా ఎన్ని నెలలు చెప్పానో.

మొదటి రైలు వచ్చాక జనం ఎక్కడానికి ఎంత కాలం పడుతుందంటే, ఎల్లో లైన్‌కి దాదాపు 18 నెలలు పట్టింది. ముంబయి మొదటి ఏసీ లోకల్‌ది కూడా అలాంటి కథే. చెన్నైలోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో తయారై 2016 ఏప్రిల్‌లో ముంబయి చేరింది, జనాన్ని ఎక్కించుకుంది 2017 డిసెంబర్ 25న. ముందు సెంట్రల్ రైల్వేకి అనుకున్నారు, అక్కడి పాత వంతెనల కింద ఎత్తు సరిపోక వెస్టర్న్ రైల్వేకి ఇచ్చారు. కాబట్టి కొత్త రకం రైలు ఊళ్లోకి వచ్చిందని పేపర్లో చూస్తే, మీ మనసులో ఏడాదిన్నర రాసి పెట్టుకోండి. ముందే వస్తే సంతోషం. అదే రకం రెండో రైలు, మూడో రైలు మాత్రం వారాల్లోనే లైన్ ఎక్కుతాయి, వాటికి ఇన్ని పరీక్షలు ఉండవు.

మరి ఏ వార్త చూసి నమ్మాలి? మంత్రులు చెప్పే నెల చూసి కాదు. మెట్రో రైలు సేఫ్టీ కమిషనర్ తనిఖీకి వచ్చారు అన్న వార్త చూసి. ఈ కమిషనర్ మెట్రో సంస్థ మనిషి కాదు, రైల్వే శాఖ కింద కూడా ఉండరు. పౌర విమానయాన శాఖ కింద ఉంటారు, రైళ్లు నడిపేవాళ్ళ మాట మీద సంతకం పెట్టకూడదని. రైలుకి ఒకసారి, లైన్ మొత్తానికి ఒకసారి తనిఖీ ఉంటుంది. మీకు కావాల్సింది రెండోది. ఎల్లో లైన్‌ని 2025 జూలైలో తనిఖీ చేశారు, ఆగస్టులో జనం ఎక్కారు. ఇల్లు వెతకడం మొదలుపెట్టాల్సిన టైము అది.

అక్కడితో అయిపోలేదు. ఎన్ని రైళ్లతో మొదలుపెడుతున్నారో కూడా అడగండి. ఆగస్టు 11 పొద్దున టిఫిన్ బాక్సు పట్టుకుని మెట్లెక్కేసరికి తలుపులు మూసుకున్నాయి. తర్వాతి రైలు 25 నిమిషాలకి. ఆ రోజు ఉన్నవి మూడే రైళ్లు. ప్లాట్‌ఫాం మీద నిలబడి ల్యాబ్ స్లిప్ వెనకాల లెక్క వేశాను: ఒక రైలు బొమ్మసంద్ర నుంచి ఆర్వీ రోడ్ పోయి, తిరిగి వచ్చి, మళ్ళీ బయల్దేరడానికి 75 నిమిషాలు. మూడు రైళ్లుంటే 75ని మూడుతో భాగించాలి, 25. తర్వాత నాలుగో రైలు వచ్చింది, 19 నిమిషాలు అయింది. ఐదోది వచ్చింది, 15 అయింది. లెక్క ఒక్క నిమిషం కూడా తప్పలేదు. మీ లైన్‌కీ ఇలాగే వేసుకోండి: రానూపోనూ పట్టే నిమిషాలు, భాగించు రైళ్ల సంఖ్య. జవాబు 15 దాటితే బస్ పాస్ వదులుకోకండి. నేను ఐదో రైలు వచ్చేదాకా వదల్లేదు.

ఇక అగ్రిమెంట్. మెట్రో పేరు చెప్పి అద్దె పెంచితే, ఆ పెంపు లైన్ మొదలైన నెల నుంచే అని కాగితం మీద రాయించండి. నోటి మాట వద్దు. ఒక నెల నోటీసుతో ఖాళీ చేయొచ్చు అన్న షరతు ఉందో లేదో చూడండి. నాకు మూడు నెలల నోటీసు పెట్టారు, మధ్యలో మారాలనుకున్నా అడ్వాన్స్ ఇరుక్కుపోయింది. అన్నిటికంటే ముందు, ఆ ఇంటి నుంచి ఈరోజు, ఇప్పుడున్న బస్సులో, పొద్దున ఎనిమిదిన్నరకి ఆఫీసు దాకా ఒకసారి పోయి చూడండి. ఆదివారం కాదు, సోమవారం.

మా తమ్ముడు ఈ సోమవారం పోయి చూశాడు. గంటా పది నిమిషాలు పట్టిందంట. ఇప్పుడు ఆఫీసుకి నడిచిపోయేంత దూరంలో పీజీ చూసుకుంటున్నాడు.