సభలో ఏడ్చాం సరే, సోమవారం నుంచి ఎలా బతకాలి?

మూడు రోజుల ఉజ్జీవ సభల్లో, అంటే విశ్వాసాన్ని మళ్ళీ రగిలించే క్రైస్తవ కూటాల్లో, ఆఖరి రాత్రి మారతానని మీరు చెయ్యెత్తారు. ముందుకెళ్ళి మోకరించారు, ఎవరో తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ కన్నీళ్ళు నిజమైనవే, వాటిని ఎవరూ తక్కువ చేయకూడదు. కానీ సోమవారం పొద్దున అదే అలారం, అదే ఆఫీసు, అదే అప్పు, ఇంట్లో అదే గొడవ. నేను ఇలా మూడుసార్లు చెయ్యెత్తాను, మూడుసార్లూ పదిహేను రోజులకల్లా మళ్ళీ మామూలే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న, బైబిలు వచనం రాసిన వాగ్దానం కార్డులు మూడేళ్ళవి నా పర్సులో అంచులు నలిగిపోయి ఉండేవి. నాలుగోసారి మాత్రం నిలబడ్డాను. ఎందుకంటే ఆ సారి దేవుడితో మాట్లాడి ఊరుకోలేదు, నేను మోసం చేసిన మనిషి దగ్గరికి కూడా వెళ్ళాను. ఇప్పుడే తీర్మానం చేసుకుని, ఇక ఏం చెయ్యాలో తెలియక ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మొదటి పని ఒక నోట్‌బుక్ తీసుకోవడం. అందులో "నేను పాపిని" అని రాయకండి, అది అందరికీ వర్తిస్తుంది కాబట్టి ఎవరికీ తగలదు. లూకా సువార్త 3వ అధ్యాయం తీసి చూడండి. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి జనం వచ్చి మేమేం చెయ్యాలి అని అడుగుతారు. రెండు అంగీలున్నవాడు ఒకటి లేనివాడికి ఇవ్వాలన్నాడు, పన్ను వసూలు చేసే సుంకరులతో నిర్ణయించిన దానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు, సైనికులతో ఎవరినీ బెదిరించి డబ్బు గుంజొద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఎవరి పనిలో వాళ్ళ తప్పు ఎక్కడ దాక్కుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. మీ నోట్‌బుక్‌లో కూడా అలాగే రాయాలి: ఎవరికి, ఏం చేశాను, ఎంత, ఎప్పుడు. మూడు నాలుగు లైన్లు చాలు. రాస్తున్నప్పుడు ఏ లైను దగ్గర పెన్ను ఆగిపోతుందో, ముందు మొదలుపెట్టాల్సింది దానితోనే.

నా పెన్ను ఆగింది ఇక్కడ. నేను బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో స్టోర్స్ చూసేవాణ్ణి. వెల్డింగ్ రాడ్లు, గ్రైండింగ్ వీల్స్, కటింగ్ ఆయిల్ కొనేది నేనే. ప్రతి బిల్లు మీద సప్లయర్ నాకు ఎంతో కొంత ఇచ్చేవాడు, ఆ మేరకు బిల్లులో రేటు పెరిగేది. అందరూ తీసుకునేదే కదా అనుకునేవాణ్ణి. ఒక శనివారం రాత్రి ఫోన్‌పేలో పాత లెక్కలన్నీ వెనక్కి జరుపుకుంటూ మొత్తం కలిపి చూశాను. 41,500 వచ్చింది. చేత్తో తీసుకున్నది గుర్తున్నంతవరకు అందులోనే కలిపాను. ఆ అంకె కింద గీత గీసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అన్నేళ్ళు ప్రతి ఆదివారం కానుక వేసిన చెయ్యి, బిల్లు మీద సంతకం పెట్టిన చెయ్యి ఒకటేనని ఆ రాత్రి మొదటిసారి కనిపించింది.

ఎంత తిరిగి ఇవ్వాలన్నదానికి బైబిల్లో లెక్క ఉంది. లేవీయకాండం 6:5 ప్రకారం తీసుకున్న మొత్తానికి అయిదో వంతు కలిపి ఇవ్వాలి. సుంకరి అయిన జక్కయ్య ఇంకా ముందుకెళ్ళాడు, సగం ఆస్తి బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). నిర్గమకాండం 22:1లో గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడికి పెట్టిన శిక్ష కూడా నాలుగు గొర్రెలే, అంటే ఎవరూ అడగకుండానే జక్కయ్య తనను తాను దొంగల లెక్కలో వేసుకున్నాడు. యేసు మాత్రం అతన్ని ఇంత కట్టు అని అడిగినట్టు ఎక్కడా లేదు. నీ ఇంటికి వస్తున్నాను అన్నాడు, అంతే. క్షమాపణ ముందు దొరికింది, డబ్బు తర్వాత బయటికొచ్చింది. ఈ వరస తిరగబడితే మనం దేవుడి దగ్గర బాకీ తీర్చుకుంటున్నట్టు అయిపోతుంది, దయచేసి అలా అనుకోకండి.

నేను అయిదో వంతు లెక్కే వేశాను. 8,300 కలిపితే 49,800. అంత డబ్బు నా దగ్గర లేదు. ఓనర్ దగ్గరికి సోమవారం భోజనాల టైమ్‌లో వెళ్ళాను, ఆయన టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యలేదు. "సార్, బిల్లుల్లో నేను డబ్బు తీసుకున్నాను, లెక్క ఇదిగో" అని నోట్‌బుక్ ఆయన ముందు పెట్టాను. ఆయన పేజీ తిప్పి మొదటి నుంచి చదివాడు. ఫ్యాన్ గాలికి పేజీ లేస్తుంటే దానిమీద కళ్ళజోడు పెట్టి చదివాడు. తర్వాత "నెలకు ఎంత ఇవ్వగలవు?" అని ఒక్క మాట అడిగాడు. 2,500 అన్నాను. స్టోర్స్ నుంచి తీసేసి డిస్పాచ్‌లో వేశాడు, జీతం కొంచెం తగ్గింది, తోటివాళ్ళు కొన్నాళ్ళు మాట్లాడలేదు. ఇరవై నెలలు కట్టాను, ఆఖరి నెల 2,300. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, మీది పోవచ్చు కూడా, ఆ మాట దాచి మిమ్మల్ని పంపించలేను. పోలీసు కేసు దాకా వెళ్ళే విషయమైతే ముందు ఒక లాయర్‌తో మాట్లాడండి. మీరు చెప్పడం వల్ల మూడో మనిషి కాపురమో పరువో దెబ్బతింటుందంటే, ముందు నోరు జారని ఒక పెద్దమనిషిని సంప్రదించండి.

వెళ్ళేటప్పుడు పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒంటరిగా వెళ్ళండి, వెంట పాస్టర్ గారిని తీసుకెళ్ళొద్దు, అలా వెళ్తే అవతలి మనిషికి కోపం చూపించే స్వేచ్ఛ కూడా ఉండదు. అక్కడ సువార్త చెప్పకండి, సాక్ష్యం చెప్పకండి. తప్పు పేరు పెట్టి చెప్పండి, "ఏమైనా బాధపెట్టి ఉంటే" అని కాదు, "ఈ మాట అన్నాను, అది అబద్ధం" అని. "కానీ" అనే పదం నోట్లోకి వస్తే మింగెయ్యండి. క్షమించమని అడిగాక జవాబు కోసం వాళ్ళను తొందరపెట్టకండి, వాళ్ళకు నెలలు పట్టొచ్చు.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్ళకు ఇదంతా చూపించి "నువ్వే సర్దుకుపో, క్షమించు" అని చెప్పేవాళ్ళు మన సంఘాల్లో ఉన్నారు, అది తప్పు. క్షమించడం వేరు, కొట్టే చేతికి దొరికేలా ఉండటం వేరు. 181 మహిళల హెల్ప్‌లైన్, ఫోన్ చెయ్యమ్మా. ప్రాణాన్ని కాపాడుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు.

మందు సంగతి కూడా జాగ్రత్తగా చూడండి. ప్రార్థన తర్వాత ఒక్కరోజులో మానేశానని చెప్పే సాక్ష్యాలు విని చాలామంది అలాగే చేస్తారు. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మతి తప్పడం జరగొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళి మానండి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది, 14446 అనే ఉచిత హెల్ప్‌లైన్ ఉంది. మందులు వేసుకుంటూ ప్రార్థన చేయడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక ఖాళీ. మత్తయి 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఇల్లు గుర్తుందా? ఊడ్చి, అలంకరించి, ఖాళీగా వదిలేసిన ఇల్లు. వెళ్ళిపోయిన అపవిత్రాత్మ తనకంటే చెడ్డవి మరో ఏడింటిని వెంటబెట్టుకుని తిరిగొస్తుంది. పాత అలవాటు పోయిన చోట గంటో రెండు గంటలో ఖాళీ అవుతాయి, మనం మళ్ళీ పడేది ఆ గంటల్లోనే. నాకు రాత్రి తొమ్మిది నుంచి పదకొండు. ఆ టైమ్‌లో ఫోన్ వంటింట్లో ఛార్జింగ్ పెట్టి గిన్నెలు తోమడం మొదలుపెట్టాను, మా ఆవిడ మొదటి వారం అనుమానంగా చూసింది, రెండో వారం పక్కన నిలబడి తుడవడం మొదలుపెట్టింది. మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోవడం ఆ సింకు దగ్గరే మొదలైంది.

చదవడానికి పెద్ద ప్లాన్లు పెట్టుకోకండి. మార్కు సువార్త 16 అధ్యాయాలు, రోజుకొకటి చాలు. తార్నాకలో మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో దిగేలోపు ఒక అధ్యాయం అయిపోతుంది, నేను అలాగే చదివాను. కొత్త నిబంధన మొత్తం 260 అధ్యాయాలు, వారానికి అయిదు చొప్పున సరిగ్గా ఏడాది. పాత తెలుగు అనువాదం భాష కష్టంగా ఉంటే వాడుక భాషలో ఉన్నది తీసుకోండి, తర్వాత పాతదానికి వస్తే దాని అందం తెలుస్తుంది. మన హైదరాబాద్‌లో హెబ్రోను అనే ప్రార్థనా మందిరంలో చాలా ఏళ్ళు సేవ చేసిన భక్త్ సింగ్ గారు, చదువుకునే రోజుల్లో చేతికొచ్చిన బైబిలు చించేసి అట్ట మాత్రం దాచుకున్న మనిషి. 1929లో కెనడాలో ఉండగా కొత్త నిబంధన చదువుతూ మారారు. బాప్తిస్మం 1932లో తీసుకున్నారు. మధ్యలో గడిచిన ఆ సమయం నాకు చాలా ధైర్యం ఇస్తుంది, అన్నీ ఒకే నెలలో అయిపోవాలన్న టెన్షన్ పెట్టుకోకండి. అపొస్తలుడైన పౌలు కూడా యెరూషలేముకు వెళ్ళింది తాను మారిన మూడేళ్ళ తర్వాతే (గలతీ 1:18). కాబట్టి కనీసం ఒక ఏడాది స్టేజీ ఎక్కకండి, సాక్ష్యం వీడియో తియ్యకండి. ముందు ఇంట్లోవాళ్ళు గమనించాలి.

ఇంట్లోవాళ్ళు వేరే నమ్మకంలో ఉంటే అక్కడ వాదన పెట్టుకోకండి. అమ్మ చేసే పూజను వెక్కిరించి ఎవరూ ప్రభువును గొప్ప చేయలేదు. ఆమె మోకాళ్ళ నొప్పులకు మందులు ఎవరు తెస్తున్నారో చూసుకోండి.

ఒక మనిషి కావాలి, ఒక్కరే. మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు. నాకు లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో రిటైరైన ఒక పెద్దాయన దొరికారు. శుక్రవారం సాయంత్రం ఇరానీ చాయ్ ముందు పెట్టుకుని మూడే ప్రశ్నలు అడుగుతారు. "తమ్ముడూ, ఈ వారం ఎవరి డబ్బైనా చేతికి తగిలిందా? ఇంట్లో గొంతు లేచిందా? రాత్రి ఫోన్‌లో ఏం చూశావు?" మొదట్లో చాయ్ చల్లారిపోయేది, నేను జవాబు చెప్పలేక. ఒకనితోనొకడు పాపాలు ఒప్పుకోండి అని యాకోబు 5:16 చెప్పింది దీన్నే అనుకుంటాను. పడిపోయిన రోజున శుక్రవారం దాకా ఆగకండి, ఆ రాత్రే ఫోన్ చేయండి. దాచిన రోజు నుంచే రెండో అబద్ధం మొదలవుతుంది.

నా నోట్‌బుక్‌లో ఇంకో లైను మిగిలింది. నాన్న జ్ఞాపకార్థ కూటంలో, అందరి ముందు, అన్నయ్యను "నాన్న మందులకు నువ్వు ఒక్క రూపాయి పెట్టలేదు" అన్నాను. పెట్టాడు, అమ్మ చేతికిచ్చేవాడు, నాకు తెలియదు. తెలిశాక కూడా నాలుగేళ్ళు ఒకే సంఘంలో వేర్వేరు బెంచీల్లో కూర్చుని ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నాం. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమన్న మత్తయి 5:24 మీద ప్రసంగం కూడా ఆ బెంచీల్లోనే విన్నాం. చివరికి ఉప్పల్‌లో వాళ్ళ ఇంటికి వెళ్ళి, ఆ మాట మళ్ళీ నోటితో చెప్పి, అది అబద్ధం అన్నయ్యా అన్నాను. ఆయన తలుపేసుకున్నాడు. తర్వాత నెల మళ్ళీ వెళ్ళాను. ఇప్పటికి అయిదుసార్లు వెళ్ళాను. పోయిన ఆదివారం గేటు తియ్యలేదు, కానీ లోపలి నుంచి వదినను పిలిచి, "ఎండలో నిలబడ్డాడు, వాడికి మంచినీళ్ళు ఇవ్వు" అన్నాడు.