నిర్లక్ష్యపు స్వారీ: జాకీ మీద విచారణ ఎలా నడపాలి

గుర్రప్పందెం ముగిశాక స్టీవర్డ్ల (నియమాలు అమలు చేసే రేసు అధికారుల) ముందు రెండు ప్రశ్నలుంటాయి. అడ్డొచ్చిన గుర్రాన్ని కింది స్థానానికి దించాలా? దాన్ని నడిపిన జాకీని శిక్షించాలా? మొదటిదానికి నిమిషాల్లో జవాబు చెప్పాలి, పందెం కాసినవాళ్లు టికెట్లు పట్టుకుని బోర్డు వైపే చూస్తుంటారు. రెండోదానికి అంత తొందర లేదు. రెంటినీ కలిపి ఒకే విచారణగా నడిపితే రెండూ చెడతాయి.

2019 మే 4న అమెరికాలో జరిగిన కెంటకీ డెర్బీ రేసులో మాగ్జిమమ్ సెక్యూరిటీ అనే గుర్రం ముందుగా గీత దాటింది. చివరి మలుపులో అది పక్కకు జరిగి వెనక గుర్రాల దారి మూసిందని స్టీవర్డ్లు సుమారు 22 నిమిషాలు ఫిల్ము చూసి దాన్ని 17వ స్థానానికి దించారు. కంట్రీ హౌస్ అనే గుర్రాన్ని విజేతగా ప్రకటించారు. జాకీ లూయిస్ సాయెజ్‌కు 15 రేసు రోజుల నిషేధం ఆ తర్వాత వేరే ఉత్తర్వుగా వచ్చింది. ఇదే పరుగు బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో జరిగి ఉంటే ఆ గెలుపు నిలిచేదనే వాదనకు బలముంది. అడ్డు లేకపోతే దెబ్బతిన్న గుర్రం ముందు వచ్చి ఉండేదని తేలితేనే అక్కడ స్థానాలు మారుస్తారు. జాకీ మీద విచారణకు మాత్రం ఆ లెక్కతో పని లేదు. గుర్రం గెలుపు నిలిచినా జాకీకి నిషేధం పడవచ్చు.

కింద చెప్పేది ఎక్కువగా ఆస్ట్రేలియా పద్ధతి, ఎందుకంటే అడ్డు అంటే ఏమిటో అక్కడి నియమాలు కొలతతో సహా చెబుతాయి. హైదరాబాద్ మలక్‌పేటలోనైనా మెల్‌బోర్న్‌లోనైనా అడగాల్సిన ప్రశ్నలు ఇవే. శిక్షల అంకెలు, నియమాల సంఖ్యలు మాత్రం ఆయా క్లబ్బు నియమావళిలోనే చూసుకోవాలి.

అడ్డు జరిగిందా?

ఒక గుర్రం మరోదాని ముందుకు దాటాలంటే తన సొంత పొడవు, దాని మీద ఇంకో ఖాళీ లెంగ్త్ ముందుండాలి. ఒక లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు, సుమారు 2.4 మీటర్లు. అంటే ముందు గుర్రం తోకకూ వెనక గుర్రం ముక్కుకూ మధ్య కనీసం అంత ఖాళీ కావాలి. గుర్రం 200 మీటర్లను 12 సెకన్లలో పరిగెడుతుంటే ఆ ఖాళీ దాటడానికి 0.15 సెకను కూడా పట్టదు. కంటితో తేల్చలేం, ఫ్రేములు లెక్కపెట్టాలి. సెకనుకు 25 ఫ్రేముల ఫిల్ములో ఒక్కో ఫ్రేముకు గుర్రం సుమారు 0.67 మీటరు కదులుతుంది. పక్కనుంచి తీసిన ఫిల్ములో కెమెరాకు సరిగ్గా ఎదురుగా ఉన్న రైలింగ్ స్తంభం ఒకటి ఎంచుకోండి. ముందు గుర్రం తోక ఆ స్తంభం దాటిన ఫ్రేము నుంచి వెనకదాని ముక్కు అక్కడికి చేరేదాకా ఎన్ని ఫ్రేములో చూడండి. నాలుగు ఉంటే లెంగ్త్ ఉన్నట్టే, రెండే అయితే లేనట్టే. మూడు వస్తే ఆ ఒక్క లెక్క మీద తీర్పు కట్టకూడదు. కెమెరాకు ఏటవాలుగా ఉన్న స్తంభాన్ని పట్టుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది.

ఎదురు నుంచి తీసిన ఫిల్ము పక్కకు జరగడాన్ని బాగా చూపిస్తుంది, ముందువెనకల దూరాన్ని మాత్రం దాచేస్తుంది. దూరపు లెన్సు గుర్రాలన్నిటినీ ఒకదానికొకటి అతుక్కున్నట్టు చూపిస్తుంది కాబట్టి, మూడు లెంగ్త్‌ల ఖాళీ కూడా అందులో రాసుకుపోతున్నట్టే ఉంటుంది. ఎవరు ఎటు జరిగారో ఎదురు ఫిల్ములో చూడండి, ఎంత ఖాళీ ఉందో పక్క ఫిల్ములో కొలవండి, జాకీ చేతులు ఏం చేస్తున్నాయో వెనక ఫిల్ములో గమనించండి. మూడింటినీ ఒకే క్షణం దగ్గర ఆపి చూడకపోతే ఏ ఒక్కటీ నమ్మదగినది కాదు.

ఎవరి వల్ల?

చూడటం దెబ్బతిన్న గుర్రం దగ్గర మొదలుపెట్టి, అక్కణ్ణుంచి కాలంలో వెనక్కి వెళ్లాలి. పగ్గాలు లాగి తల పైకెత్తిన క్షణం పట్టుకోండి, దాని పక్క గుర్రం ఎందుకు జరిగిందో చూడండి, తర్వాత దాని పక్కది. నాలుగు గుర్రాలు వరసగా ఉన్నప్పుడు అన్నిటికంటే బయటిది లోపలికి ఒత్తితే దెబ్బ పడేది రైలింగ్ పక్కనున్నదానికి. మధ్యలో ఉన్నవాళ్లు దోషుల్లా కనిపిస్తారు. దెబ్బతిన్న జాకీ లేని సందులోకి తానే తల దూర్చాడా అన్నది కూడా ఇక్కడే తేలాలి. సందు ఉండి మూసుకుపోవడం వేరు, మొదటినుంచీ సందే లేకపోవడం వేరు.

గేటు తెరుచుకున్నాక మొదటి కొన్ని అంగల్లో గుర్రం అడ్డంగా దూకితే దాన్ని జాకీ మీద వేయకండి. రైలింగ్ కోసం అందరూ లోపలికి దిగే తొలి 200 మీటర్లు మాత్రం వదిలేయాల్సిన చోటు కాదు. అక్కడి జరుగుడు చాలావరకు జాకీ కోరి చేసేదే.

ఎంత తప్పు?

పరుగులో గుర్రం అంగ సుమారు 7 మీటర్లు, సెకనుకు రెండు పైచిలుకు అంగలు వేస్తుంది. ఒక్క అంగలో చటుక్కున పక్కకు తప్పుకుంటే ఏ జాకీ ఆపలేడు, అది ప్రమాదం. నాలుగు అంగలపాటు అదే వైపు వాలుతూ పోతుంటే జాకీకి దాదాపు రెండు సెకన్లు దొరికినట్టు. ఆ రెండు సెకన్లలో అతను ఏం చేశాడన్నదే కేసు మొత్తం. కొట్టడం ఆపాడా? కొరడా చేయి మార్చాడా? బయటి పగ్గం లాగాడా? చాలా గుర్రాలు కొరడా పడిన వైపు నుంచి దూరంగా జరుగుతాయి. ఎడమకు వాలుతున్నదాన్ని కుడిచేత్తో కొడుతూనే ఉంటే, ‘గుర్రమే వాలింది’ అనే జవాబు చెల్లదు.

జాకీ జరగనిచ్చాడా, కావాలని జరిపాడా అన్నది రెండో మెట్టు. తల తిప్పి చూసి, ఖాళీ లేదని తెలిసీ లోపలికి దించినవాడి తప్పు, చూడకుండా దించినవాడి తప్పు కంటే బరువైనది. దీనికీ పైన ఇంకో గీత ఉంది. బ్రిటన్ నియమాల ప్రకారం ఉద్దేశపూర్వకంగా తీవ్రమైన అడ్డు కలిగించినా, లేక ఇది ప్రాణం మీదికి తెస్తుందని జాగ్రత్తగల ఏ జాకీకైనా స్పష్టంగా తెలిసే పనితో కలిగించినా అది ప్రమాదకర స్వారీ. ఆస్ట్రేలియాలో 131వ నియమం నిర్లక్ష్యాన్నీ తెగింపునూ వేర్వేరు మాటలతో పేర్కొంటుంది. తెగింపు అని రాయాలంటే దానికి తగ్గ సాక్ష్యం చేతిలో ఉండాలి. కోపంతో పెద్ద ఆరోపణ రాసి, అప్పీలులో అది నిలవక, చిన్నదాన్నీ పోగొట్టుకోవడం జరుగుతుంటుంది.

అన్నిటికంటే కష్టం, కింద పడ్డ గుర్రాన్ని చూశాక కూడా తప్పును మామూలు కొలతతో కొలవడం. అదే పొరపాటు ఖాళీ చోట జరిగితే ఎవరూ అడగరు, గుంపులో జరిగితే ఇద్దరు జాకీలు ఆస్పత్రిలో ఉంటారు. నిర్లక్ష్యపు స్థాయిని ముందు తేల్చి కాగితం మీద రాసుకోండి, పర్యవసానం సంగతి శిక్ష దగ్గర చూడండి.

గదిలో

ముందు దెబ్బతిన్న జాకీని అడగండి, ఫిల్ము చూపించకుండా. తర్వాత ఆరోపణ ఎదుర్కొంటున్నవాణ్ణి. ఆ తర్వాతే తెర వెలిగించండి. ఫిల్ము ముందే చూస్తే అందరి జ్ఞాపకమూ తెర మీది బొమ్మలా మారిపోతుంది. ఒకటి గుర్తుంచుకోవాలి: రేపు మళ్లీ పక్కపక్కనే స్వారీ చేయాల్సినవాళ్లు ఒకరి మీద ఒకరు చెప్పుకోరు. ‘కాస్త ఇరుకైంది సార్, అంతే’ అంటారు. ఆ మాటను బట్టి కేసు మూసేయకండి.

ఆరోపణ చదివేటప్పుడు నియమం సంఖ్య, చోటు, చేసిన పని, దాని ఫలితం నాలుగూ ఉండాలి. ‘300 మీటర్ల దగ్గర, తగినంత ముందు లేకుండానే నీ గుర్రాన్ని లోపలికి జరగనిచ్చావు, దానివల్ల ఫలానా గుర్రం పగ్గాలు లాగాల్సి వచ్చింది’ అన్నట్టు. వట్టి ‘నిర్లక్ష్యంగా నడిపావు’ అంటే జాకీకి దేనికి జవాబివ్వాలో తెలియదు, అప్పీలులో మొదట పట్టుకునేదీ దాన్నే. ఒప్పుకుంటాడా లేదా అడగండి, చెప్పుకోవాల్సింది చెప్పనివ్వండి, బయటికి పంపి తేల్చండి. దోషం ఖాయమయ్యాక శిక్ష గురించి మళ్లీ విడిగా అతని మాట వినాలి. ఈ రెండో వినికిడిని ఎగ్గొట్టడం మామూలు పొరపాటు. మొదటినుంచి చివరిదాకా మాటలు రికార్డు కావాలి.

శిక్ష

న్యూ సౌత్ వేల్స్‌లో దీనికొక పట్టిక ఉంది. నిర్లక్ష్యం తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అన్నది ఒక వైపు, పర్యవసానం ఎంత అన్నది మరో వైపు పెట్టి మూల శిక్ష తీస్తారు. తప్పు ఒప్పుకుంటే తగ్గుతుంది, పాత రికార్డు బాగోకపోతే, రేసు పెద్దదైతే పెరుగుతుంది. రికార్డు చూసేటప్పుడు స్వారీల సంఖ్యతో భాగించండి. ఏడాదికి 800 స్వారీలు చేసి మూడుసార్లు నిషేధం పడినవాడూ, 100 చేసి మూడుసార్లు పడినవాడూ ఒకటి కాదు.

జుల్మానా చిన్న తప్పులకే. పెద్ద రేసు గెలిచి వచ్చే వాటా ముందు జుల్మానా ఖర్చులో ఖర్చు, నిషేధమే జాకీకి నిజంగా తగులుతుంది. అయితే నిషేధాన్ని క్యాలెండరు రోజుల్లో కాక రేసు రోజుల్లో లెక్కించడం న్యాయం. వారానికి రెండు రోజులే రేసులున్న చోట రెండు వారాలంటే నాలుగు రోజులు, రోజూ రేసులున్న చోట పద్నాలుగు. మన దేశంలో ఒక టర్ఫ్ అథారిటీ (రేసులు నడిపే సంస్థ) వేసిన నిషేధాన్ని మిగతావీ పాటిస్తాయి కాబట్టి, మలక్‌పేటలో శిక్ష రాసేటప్పుడు ఆ తేదీల్లో బెంగళూరులోనో ముంబయిలోనో ఏ రేసులున్నాయో కూడా చూడాలి.

మొదలయ్యే తేదీ ఉత్తర్వులోనే ఉండాలి. బ్రిటన్‌లో మామూలుగా తప్పు జరిగిన 14వ రోజున మొదలవుతుంది. అప్పటికే ఒప్పుకున్న స్వారీలకు యజమానులు వేరే జాకీని చూసుకోవచ్చు, అప్పీలు చేసుకోవడానికీ వ్యవధి దొరుకుతుంది. అప్రెంటిస్ జాకీ అయితే నిషేధంతోపాటు సీనియర్ జాకీ దగ్గర కూర్చుని ఆ ఫిల్ము చూసే షరతు పెట్టండి.

నివేదిక ఆరోజే రాయాలి. జరిగిన చోటు, జరిగిన తీరు, స్థాయి ఎందుకు అలా తేల్చారు, మూల శిక్ష ఎంత, దేనికి తగ్గించారు, దేనికి పెంచారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. అడ్డు జరిగిందని తేలి కూడా చర్య తీసుకోకపోతే ఆ కారణం కూడా అందులో రాయండి.