నగర వాటికకు కాంపా నిధులు: గోదావరి డెల్టా పట్టణాల్లో దరఖాస్తు విధానం

ఊళ్లో నాలుగెకరాల ఖాళీ స్థలం కనబడితే వాకర్స్ అసోసియేషన్ వాళ్లు ముందు ఆర్చి గేటు బొమ్మ గీయిస్తారు. ఫైలు ఆగేది గేటు దగ్గర కాదు, సర్వే నంబరు దగ్గర. కాబట్టి బొమ్మ పక్కన పెట్టి భూమి కాగితాలతో మొదలుపెట్టండి.

కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ 2020లో తెచ్చిన నగర వన యోజనకు డబ్బు కాంపా నిధి (అడవి పోయినందుకు బదులుగా చెట్లు పెంచడానికి వసూలు చేసే నిధి) నుంచి వస్తుంది. స్థలం 10 నుంచి 50 హెక్టార్లుంటే నగర వనం, 1 నుంచి 10 వరకైతే నగర వాటిక. అమలాపురం, పాలకొల్లు, తణుకు లాంటి చోట్ల పది హెక్టార్లు ఒకే చెక్కగా దొరకడం కష్టం, కాబట్టి మనకు కుదిరేది వాటికే. హెక్టారుకు 4 లక్షల రూపాయలు ఇస్తారు. స్థలంలో కనీసం మూడింట రెండు వంతులు చెట్లే ఉండాలి. అసోసియేషన్ పేరుతో నేరుగా దరఖాస్తు పెట్టడం కుదరదు. మీరు మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ ఇస్తారు, కౌన్సిల్ తీర్మానం చేస్తుంది, అటవీ డివిజన్ ప్రతిపాదన కట్టి రాష్ట్ర కాంపా ద్వారా ఢిల్లీకి పంపుతుంది. ఈ ఏడాది కొత్త ప్రతిపాదనలు తీసుకుంటున్నారో లేదో అర్జీ రాసే ముందే డీఎఫ్‌ఓ (డివిజనల్ ఫారెస్టు అధికారి) కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఇక భూమి. అడంగల్, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) నకలు, ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలు తీసుకుని మూడింటిలో విస్తీర్ణం సెంటుతో సహా ఒకటేనా అని చూడండి. రీసర్వే అయిన చోట పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబరు వచ్చింది. తీర్మానంలో పాత నంబరు, స్కెచ్‌లో కొత్త నంబరు ఉంటే అవి రెండు వేర్వేరు స్థలాల కింద లెక్క, ఫైలు వెనక్కి వస్తుంది. తీర్మానంలో రెండు నంబర్లూ రాయించండి.

రికార్డులో ‘చెరువు’ అని ఉంటే, అది ఎండి క్రికెట్ గ్రౌండ్‌గా మారినా, పూడ్చి పార్కు చేస్తామని రాయకండి. నీటిని ఉంచి చుట్టూ చెట్లు వేస్తామనండి. కాలువ గట్టు మున్సిపాలిటీది కాదు, జలవనరుల శాఖది. ఆ శాఖ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) నుంచి నిరభ్యంతర పత్రం లేకుండా తీర్మానం చేసినా చెల్లదు. ఏటిగట్టు జోలికి మాత్రం అసలు పోవద్దు. వరద ఆపే కట్టలో గుంతలు తీస్తామంటే ఏ ఇంజినీరూ సంతకం పెట్టడు, పెట్టకూడదు కూడా. గట్టు లోపలి లంక స్థలమైతే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక 11.75 అడుగులకు నీళ్లు ఎక్కుతాయా, రెండోది 13.75 అడుగులకా అన్నది రాయాలి. కాకినాడ వైపు మడ అడవి పక్క స్థలానికి సీఆర్‌జెడ్ (సముద్రతీర నియంత్రణ మండలం) నిబంధనలు చూసుకోవాలి. మడ వెయ్యి చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్లు కూడా మడ ఉన్న కఠిన నియంత్రణ మండలంలోకే వస్తుంది.

లెక్క ఒకటి వేసి చూద్దాం. 3 ఎకరాల 20 సెంట్లంటే 12,950 చదరపు మీటర్లు, దాదాపు 1.295 హెక్టార్లు. నిధి 5.18 లక్షలు. చెట్లకు 2 ఎకరాల 13 సెంట్లు పోవాలి. మూడు మీటర్ల ఎడంలో నాటితే సుమారు 959 మొక్కలు. మిగిలిన ఎకరం 7 సెంట్లలో దారి, బెంచీలు, గది. రెండు మీటర్ల వెడల్పుతో 400 మీటర్ల నడక దారికి 20 సెంట్లు చాలు, జాగాకు కొరత లేదు.

కొరతంతా కంచె దగ్గరే. స్థలం చతురస్రంగా ఉంటే చుట్టుకొలత 455 మీటర్లు. అదే విస్తీర్ణం 20 మీటర్ల వెడల్పున్న కాలువ పక్క పట్టీ అయితే 1,335 మీటర్లు. మూడు మీటర్లకో స్తంభం చొప్పున 152 స్తంభాల చోట 445 కావాలి. నిధి ఇచ్చేది హెక్టారు లెక్కన, కంచె ఖర్చు మీటరు లెక్కన. పట్టీ స్థలాలకు కంచె ఖర్చు మున్సిపల్ సాధారణ నిధి నుంచి పెడతామని తీర్మానంలోనే చేర్చించండి. లేదంటే మొక్కల డబ్బు ముళ్లతీగకు పోతుంది, వేసిన మొక్కలు మేకల పాలవుతాయి.

మొక్కల జాబితా కాపీ కొట్టకండి. మెట్ట ప్రాంతపు జాబితాలో వేప ముందుంటుంది. మన నల్లరేగడిలో ఆగస్టంతా మోకాలి లోతు నీరు నిలిచే చోట వేప కుళ్లిపోతుంది. అక్కడ తెల్లమద్ది, నేరేడు, కానుగ రాయండి, అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ మీద నాటతామని చేర్చండి. ఉప్పునేలకు పొన్న, సరుగుడు నయం.

నీటి ఏర్పాటు అన్న గడిలో చాలామంది ‘కాలువ నీరు’ అని రాసేస్తారు. మరమ్మతుల కోసం ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, మొదటి ఏడాది మొక్క చచ్చేది సరిగ్గా ఆ రోజుల్లోనే. బోరు అని రాస్తే నీటి పరీక్ష నివేదిక జతచేయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు ఉప్పగా పడుతుంది. అలాంటి చోట ట్యాంకరు ఖర్చు నెలవారీగా చూపండి.

మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), సర్వేయరు, ఫారెస్టు రేంజ్ అధికారి ముగ్గురూ ఒకే రోజు స్థలానికి వచ్చేలా చూడండి. విడివిడిగా వస్తే హద్దులు మూడు రకాలుగా వస్తాయి. మూలమూలకూ జీపీఎస్ బిందువులు తీసి, కేఎంఎల్ ఫైలు (కంప్యూటర్ మ్యాపులో హద్దులు చూపే ఫైలు) చేసి, మ్యాపు మీద తెరిచి చూసుకోండి. అంకె ఒకటి తారుమారైతే పార్కు గోదావరి మధ్యలో తేలుతుంది. ఫైలు డివిజన్‌కు దసరాకు చేరితే వచ్చే ఏప్రిల్ ప్రణాళికలో ఆశ ఉంటుంది, సంక్రాంతి దాటితే మరుసటి ఏడాదికే అనుకోండి.

మంజూరైన రోజు నుంచే మున్సిపల్ సెక్షన్‌లో వేరే రిజిస్టరు పెట్టించండి. బిల్లు, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) పేజీ, నాటిన తేదీ, తేదీ పడిన ఫొటో అన్నీ అందులోనే. వినియోగ పత్రం (డబ్బు దేనికి ఖర్చైందో చూపే ధ్రువీకరణ) తర్వాత రాద్దాంలే అని వదిలేస్తే తరువాతి విడత రాదు.