జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానంలో హక్కుల ఫిర్యాదు వేసే విధానం

ప్రభుత్వ అధికారి గానీ, కోర్టు గానీ, చట్టం గానీ తన ప్రాథమిక హక్కును భంగపరిచిందని భావించే వ్యక్తి కార్ల్స్‌రూహేలోని సమాఖ్య రాజ్యాంగ న్యాయస్థానానికి స్వయంగా ఫిర్యాదు పెట్టుకోవచ్చు. 1951లో ఏర్పడిన ఈ కోర్టు ఫిర్యాదుకు ఫీజు తీసుకోదు. మౌఖిక విచారణ దాకా వస్తే తప్ప లాయరు తప్పనిసరి కాదు. అయితే కింది కోర్టుల్లో ఉన్న అప్పీళ్లన్నీ ముందుగా ముగించుకుని ఉండాలి.

ఆఖరి తీర్పు అందిన నాటి నుంచి ఒక్క నెలే గడువు. ఆ నెలలోగా ఫిర్యాదుతో పాటు పూర్తి కారణాలూ, సవాలు చేస్తున్న తీర్పుల ప్రతులూ కోర్టుకు చేరాలి. మామూలు ఈమెయిల్ చెల్లదు. చట్టాన్నే నేరుగా సవాలు చేసేవారికి మాత్రం అది అమల్లోకి వచ్చిన నాటి నుంచి ఏడాది వ్యవధి ఉంటుంది.

అసలు శ్రద్ధ పెట్టవలసింది కారణాలు రాయడంలోనే. చాలామంది కింది కోర్టులో చెప్పిన కథనే మళ్లీ మొదటి నుంచి రాస్తారు, కానీ ఇది మరో అప్పీలు కోర్టు కాదు. ఉదాహరణకు, ఇల్లు ఖాళీ చేయమన్న తీర్పు వల్ల తీవ్ర అనారోగ్యంతో ఉన్న వృద్ధురాలి ప్రాణానికే ముప్పు ఉందనుకుందాం. అద్దె ఒప్పందాన్ని జడ్జి తప్పుగా అర్థం చేసుకున్నారని రాస్తే ప్రయోజనం లేదు. ప్రాణానికి, శరీరానికి రక్షణనిచ్చే రాజ్యాంగంలోని 2వ అధికరణాన్ని పేర్కొని, వైద్య నివేదిక ఫలానా తేదీన దాఖలైనా తీర్పులోని ఫలానా పేరాలో దాన్ని పరిశీలించకుండానే తోసిపుచ్చారని చూపించాలి. ఫిర్యాదు వేసినంత మాత్రాన ఇల్లు ఖాళీ చేయించడం ఆగదు కనుక, మధ్యంతర ఉత్తర్వు కోసం విడిగా అభ్యర్థించి, ఖాళీ చేయించే తేదీని స్పష్టంగా తెలపాలి.

ఫిర్యాదును సాధారణంగా ముగ్గురు న్యాయమూర్తులు పరిశీలిస్తారు. విచారణకు స్వీకరించేది లేదని ముగ్గురూ ఏకగ్రీవంగా తేలిస్తే, కారణం చెప్పకుండానే ముగించవచ్చు. దానిపై అప్పీలు లేదు. ఇది ఫిర్యాదుదారుకు ఎంతో బాధ కలిగించే ముగింపు, పైగా అత్యధిక ఫిర్యాదులకు దక్కేది ఇదే. రాజ్యాంగపరంగా కొత్త ప్రశ్న లేవనెత్తే కేసులు ఎనిమిది మంది ధర్మాసనానికి వెళతాయి.

గెలిస్తే ఏ హక్కుకు భంగం కలిగిందో ప్రకటించి, ఆ తీర్పును రద్దు చేసి, కేసును సాధారణంగా కింది కోర్టుకే తిప్పి పంపుతారు. అక్కడ వాదన మళ్లీ వినిపించవలసిందే, కానీ ఈసారి ఆ కోర్టు రాజ్యాంగ న్యాయస్థానం చెప్పిన దానికి కట్టుబడి తీర్పు ఇవ్వాలి.