ఎన్నిసార్లు కాదు, ఎప్పుడు: వాడిన స్పోర్ట్స్ కారు కొనేముందు ఓవర్-రెవ్ జాగ్రత్తలు

ఒకసారి మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న పోర్షే 911 ఒకటి చూస్తూ అమ్మేవాణ్ణి ఓవర్-రెవ్ రిపోర్ట్ అడిగాను. ఇంజన్ హద్దు మీరి ఎంత తిరిగిందో, చివరిసారి అది ఇంజన్ నడిచిన ఎన్నో గంటలో జరిగిందో బండి కంప్యూటర్ రాసిపెట్టుకున్న లెక్క అది. పది నిమిషాల్లో ఫొటో పంపాడు. వరసగా ఆరు రేంజ్‌లు, అంటే ఇంజన్ వేగపు అంచెలు, పక్కన అంకెలు. చూడ్డానికి పెద్దగా భయపడాల్సినవేం కావు. కానీ ఫొటో కుడివైపు అంచు ఎవరో నీట్‌గా కత్తిరించినట్టుంది. ఉండాల్సిన గంటల కాలమ్ లేదు. అసలు సంగతంతా ఉండేది ఆ కాలమ్‌లోనే.

ఈ రిపోర్ట్ ఎందుకు పుట్టిందో తెలిస్తే దాన్ని చదవడం తేలిక. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్ తన పరిమితి దాటదు, రెవ్ లిమిటర్ ఇంధనం ఆపేస్తుంది. మీటర్‌లో ఆ పరిమితిని చూపే ఎర్రగీత దగ్గర బండి దడదడలాడితే అది లిమిటర్ తన పని తాను చేసుకోవడమే. దానివల్ల ఇంజన్‌కు వచ్చే ముప్పు పెద్దగా లేదు. ప్రమాదం ఇంకో దారిలో వస్తుంది. మూడో గేర్‌లో ఇంజన్ 7,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీద ఉంది. లివర్‌ని నేరుగా వెనక్కి లాగితే నాలుగు. తొందరలో చెయ్యి కాస్త ఎడమకు జారితే రెండు. క్లచ్ వదలగానే చక్రాలే ఇంజన్‌ను తిప్పేస్తాయి. ఆ రెండు గేర్ల మధ్య తేడా 1.4 రెట్లు అనుకుంటే ఇంజన్ ఒక్కసారిగా 9,800కి ఎగురుతుంది. అప్పుడు ఇంధనం ఆపినా లాభం లేదు, ఎందుకంటే తిప్పుతున్నది ఇంధనం కాదు, రోడ్డు మీద దొర్లుతున్న టన్నున్నర బరువు. ఇంగ్లీషు వాళ్లు దీన్ని మనీ షిఫ్ట్ అంటారు. బిల్లు చూశాక ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ అడగరు.

లోపల ఏమవుతుందంటే, పిస్టన్ పైకీ కిందికీ తిరిగేటప్పుడు దాన్ని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 7,200 నుంచి 9,000కి వెళ్లడమంటే వేగంలో పావువంతు పెరుగుదలే, లాగుడు మాత్రం 56 శాతం పెరుగుతుంది. రాడ్ బోల్టులు సాగే అవకాశం ఉంది. వాల్వ్ స్ప్రింగులు ఆ వేగాన్ని అందుకోలేవు, వాల్వ్ మూసుకునేలోపే పిస్టన్ వచ్చి తగులుతుంది. వాల్వ్ వంగితే ఆ రోజే తెలిసిపోతుంది. బోల్టు సాగితే ఆ రోజు తెలియదు. బండి మామూలుగానే స్టార్ట్ అవుతుంది, మామూలుగానే అమ్ముడవుతుంది. కొన్నవాళ్లకు తెలుస్తుంది.

ఇంజన్ ఇలా హద్దు దాటిన లెక్కలన్నీ పోర్షే ఇంజన్ కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. 996 తరం 911లో, 986 బాక్స్‌టర్‌లో రెండు రేంజ్‌లు ఉండేవి. 2004లో వచ్చిన 997 తరం 911 నుంచి ఆరు అయ్యాయి. రేంజ్ 1 లిమిటర్ చుట్టుపక్కలది, పైకి పోయేకొద్దీ ఇంకా ఎక్కువ వేగం. మోడల్‌ని బట్టి హద్దులు మారతాయి, కాబట్టి 8,400 దాకా తిరిగే 997 జీటీ3 రిపోర్ట్‌ని 911లో మామూలు రకమైన కరెరా రిపోర్ట్ పక్కన పెట్టి పోల్చకండి. పైన ఉన్న రేంజ్‌లకు యాక్సిలరేటర్‌తో చేరడం కుదరదు, గేర్ తప్పితేనే చేరతారు. పోర్షే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పీడీకే అయితే అంత వేగం తెచ్చే కింది గేర్‌ను అసలు వెయ్యనివ్వదు, అందుకే ఈ భయం ముఖ్యంగా మాన్యువల్ బండ్లదే.

కొత్తవాళ్లు కంగారు పడేది అంకెలు చూసి. ప్రతి రేంజ్ ఎదురుగా ఉండేది ఎన్నిసార్లు తప్పు జరిగింది అన్న లెక్క కాదు, ఎన్ని ఇగ్నిషన్లు, అంటే సిలిండర్లలో ఇంధనం అంటుకోవాల్సిన సార్లు, జరిగాయి అన్నది. ఆరు సిలిండర్ల ఇంజన్ ఒక్క చుట్టుకు మూడు ఇగ్నిషన్లు. 8,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 24,000, అంటే సెకనుకు 400. రిపోర్ట్‌లో 400 కనిపిస్తే నాలుగు వందల తప్పులని కాదు, అన్నీ కలిపి ఒక్క సెకను.

ఒక రిపోర్ట్ ఊహించుకుందాం. 997 కరెరా, 62,000 కిలోమీటర్లు, ఇంజన్ నడిచింది 1,480 గంటలు. రేంజ్ 1లో 9,400, చివరిసారి 1,466వ గంటలో. రేంజ్ 2లో 610, అదే గంట. రేంజ్ 3లో 48, రేంజ్ 4లో 35, రేంజ్ 5లో 22, ఈ మూడింటికీ చివరి గంట 312. రేంజ్ 6 సున్నా.

మొదటి రెండు వరసలను నేను పట్టించుకోను. 9,400 అంటే పాతిక సెకన్లు, బండి జీవితం మొత్తంలో. స్పోర్ట్స్ కారు కొని ఎర్రగీత చూడనివాడు ఎందుకు కొన్నట్టు? తర్వాతి మూడు వరసలు ఒకే గంట చూపిస్తున్నాయి, అంటే బహుశా ఒకే సంఘటన. 312వ గంటలో ఎవరో గేర్ తప్పారు. రేంజ్ 5లో 22 ఇగ్నిషన్లంటే ఇంజన్ అక్కడ ఏడు చుట్లు తిరిగింది. ఆ తర్వాత 1,168 గంటలు నడిచింది. సగటున గంటకు 42 కిలోమీటర్ల లెక్కన 49,000 కిలోమీటర్ల దాకా. విరగాల్సింది ఈపాటికి విరిగి ఉండేది. మిగతా పరీక్షలు బాగుంటే నేనైతే ఈ బండి కొంటాను, ధర కాస్త తగ్గించమని అడిగి మరీ.

ఇప్పుడు అవే అంకెలు ఉంచి గంటలన్నీ 1,471 చేయండి. గేర్ తప్పి తొమ్మిది గంటలే అయింది, నాలుగు వందల కిలోమీటర్లు కూడా నడవలేదు. అమ్మకానికి ఎందుకు పెట్టారో మీరే ఊహించుకోవచ్చు. ఈ రెండు రిపోర్ట్‌లకూ తేడా ఒక్క కాలమ్‌లోనే, నాకు వచ్చిన ఫొటోలో కత్తిరించిన కాలమ్.

గంటలతో ఇంకో పని కూడా అవుతుంది. కిలోమీటర్లను గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. ఊళ్లో, హైవే మీద కలిపి తిరిగే బండికి నలభై, యాభై సహజం. పదిహేను వస్తే కిలోమీటర్లు వెనక్కి తిప్పారేమో అని అడగాలి. వంద దాటితే ఇంజన్ కంప్యూటర్ మార్చారేమో అని అడగాలి. లెక్క ఉండేది కంప్యూటర్‌లో, ఇంజన్‌లో కాదు. కంప్యూటర్ మారిస్తే పాత పాపాలు పోతాయి. ఇంజన్ మారిస్తే కొత్త ఇంజన్ మీద పాత పాపాలు ఉండిపోతాయి. రెండో సందర్భంలో బిల్లులు చూపిస్తే చాలు, మొదటి దాంట్లో ఎందుకు మార్చారో కాగితం లేకపోతే వదిలేయడమే మేలు.

వారంటీ సంగతికొస్తే, అందరూ మర్చిపోయేది ఒకటుంది. రికార్డు డ్రైవర్‌ది కాదు, బండిది. కంపెనీ వారంటీ ఇంకా ఏడాది మిగిలి ఉందని సంతోషంగా కొంటారు. ఆరు నెలలకు ఇంజన్ లోపల శబ్దం. సర్వీస్ సెంటర్ వాళ్లు మొదట చేసేది టెస్టర్ పెట్టి రిపోర్ట్ తీయడం. పై రేంజ్‌లో ఇటీవలి గంట కనిపిస్తే, అది తయారీ లోపం కాదు, వాడకంలో తప్పు అంటారు. వాడకంలో తప్పు వల్ల వచ్చిన నష్టాన్ని వారంటీలు సాధారణంగా కవర్ చేయవు. తప్పు చేసింది మీకు ముందున్నాయన, బిల్లు మీ పేరు మీద.

కంపెనీ ఆమోదించిన పాత బండి కొంటుంటే కొంత నయం. పోర్షే అప్రూవ్డ్ కింద అమ్మేవాటికి 111 అంశాల తనిఖీ ఉంటుంది. అయినా "చూశాం సర్, క్లీన్" అనే నోటి మాట తీసుకోకండి, షీటు అడగండి. ప్రైవేటు మనిషి దగ్గర కొంటుంటే, ఈ బండి ఈ రిపోర్ట్‌తో వారంటీ పొడిగింపుకు అర్హమా కాదా అని డీలర్‌ని ముందే రాతపూర్వకంగా అడగాలి. అడ్వాన్స్ ఇచ్చాక కాదు. మూడో పక్షం వాళ్లు అమ్మే వారంటీ అయితే ధర కంటే ముందు మినహాయింపుల పేజీ చదవండి. కొనక ముందే ఉన్న లోపం, ట్రాక్ వాడకం, మార్పులు చేసిన బండి, పరిమితి దాటిన ఇంజన్ వేగం, ఈ నాలుగు మాటల కోసం వెతకండి.

కొన్న రోజునే మీ కళ్లముందు ఒక రిపోర్ట్ తీయించి దాచుకోండి. చాసిస్ నంబరు, తేదీ, కిలోమీటర్లు, మొత్తం గంటలు అందులో కనిపించాలి. చాసిస్ నంబరును బండి ముందు అద్దం కింద ఉన్న దానితో సరిచూడండి, వేరే బండి రిపోర్ట్ పంపినవాళ్లూ ఉన్నారు. రేపు వివాదం వస్తే మీ చేతికి వచ్చిన రోజు బండి ఎలా ఉందో చెప్పేది ఆ కాగితమే. డీలర్ల దగ్గర ఉండే టెస్టర్ పేరు పీవిస్. బయటి మెకానిక్‌ల దగ్గర డ్యూరామెట్రిక్ ఉన్నా సరిపోతుంది.

రిపోర్ట్ అనుమానంగా ఉండి బండి మీద మనసు చావకపోతే, చేయించాల్సినవి ఇవి: సిలిండర్ గాలిని ఎంత బాగా పట్టి ఉంచుతుందో చూసే కంప్రెషన్, లీక్-డౌన్ పరీక్షలు, సిలిండర్లలోకి ఎండోస్కోప్ అనే సన్నని కెమెరా, ఆయిల్ ఫిల్టర్ కోసి లోహపు పొడి ఉందేమో చూడటం. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. లీక్-డౌన్ బాగుంటే వాల్వ్‌లు బాగున్నాయని తెలుస్తుంది, రాడ్ బోల్టుల గురించి అది ఒక్క ముక్క చెప్పదు. పరీక్ష పాసైంది కదా అని ఇటీవలి రేంజ్ 5ని క్షమించేవాళ్లతో నేను ఏకీభవించను.

అన్ని బండ్లూ ఇలా లెక్క చెప్పవు. 9,000 ఆర్‌పీఎం ఎర్రగీతతో 1999లో వచ్చిన హోండా ఎస్2000 మొదటి తరానికి ఇలా అడిగితే చేతికిచ్చే రిపోర్ట్ లేదు. గేర్ తప్పితే అక్కడ వాల్వ్ స్ప్రింగులను పట్టి ఉంచే రిటైనర్లు చిట్లే అవకాశం ఉంది, ఇంజన్ పై కవర్ విప్పి చూస్తేనే తెలుస్తుంది. అలాంటి బండికి తనిఖీ ఖర్చు ఎక్కువ, దాన్ని బేరంలో కలుపుకోవాలి.

చూడ్డానికి వెళ్లే ముందే అమ్మేవాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి, నేను పెట్టేది ఇది: "సర్, బండి నచ్చింది. ఓవర్-రెవ్ రిపోర్ట్ పూర్తి పేజీ, గంటల కాలమ్‌తో, చాసిస్ నంబరు కనిపించేలా పంపగలరా? లేదంటే నా ఖర్చుతో మీకు వీలైన సర్వీస్ సెంటర్‌లో తీయిద్దాం. రిపోర్ట్ చూశాకే అడ్వాన్స్." బండి బాగున్నవాళ్లు దీనికి నొచ్చుకోరు, కొందరైతే సంతోషంగా పాత రిపోర్ట్‌లు కూడా పంపుతారు.

ఆ కత్తిరించిన ఫొటో పంపినాయనకూ ఇదే పెట్టాను. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. వారం తర్వాత ప్రకటన తీసేశాడు.